రెండో సాక్షి వచ్చేదాకా

మా ఊళ్లో మగవాళ్లంతా మద్యం ముట్టమని చర్చిలో ఒట్టు వేసిన ఏడాది నుంచి ఆడవాళ్ల ముక్కులకు పని పెరిగింది. అంతకుముందు మొగుడు తాగొస్తే తాగొచ్చాడని తెలిసిపోయేది. తిట్టుకునేవాళ్లం, పడుకునేవాళ్లం. ఒట్టు పడ్డాక తాగేవాడెవడో, తాగనివాడెవడో తెలియకుండా పోయింది. లవంగం నమిలినవాడి మీద అనుమానం, ఉల్లిపాయ తిన్నవాడి మీద అనుమానం, చలికి ముక్కు ఎర్రబడ్డవాడి మీద మరీ అనుమానం. మా ఊరు హైండ్స్ బేసిన్ అంటే కాలువ ఒడ్డున నాలుగు వీధులు, ఒక తెల్ల చర్చి, పడవలు లాగే కంచరగాడిదలకు ఒక కొట్టం. అంత చిన్న ఊరికి ఇంత అనుమానం ఎక్కువే.

నా పేరు ఫిలూరా. బావులు తవ్వే ఆల్ఫియస్ గేజ్ పెళ్లాన్ని. ఆయన పోయాక మా తమ్ముడు హోసియా టటిల్ ఇంట్లో చేరాను. వాడు రొట్టె పొంగించే పొడి తయారుచేసేవాడు. నేనూ మా మరదలు లొడీమా ఆ పొడిని కాగితాల్లో పొట్లాలు కట్టేవాళ్లం.

అడవులు నరికి కాల్చిన బూడిదను రైతులు బండ్ల మీద తెచ్చి అమ్మేవారు. ఆ బూడిదను నీళ్లలో కలిపి, వడగట్టి, ఇనప బానలో ఎండేదాకా కాచి, మళ్లీ కాలిస్తే తెల్లటి ఉప్పు మిగులుతుంది. దాన్ని పిండిలో వేస్తే రొట్టె పొంగుతుంది గానీ సబ్బు కొరికినట్టు ఉంటుంది. ఆ ఉప్పుకు ఒక రకం గాలి పట్టిస్తే మాత్రం ఘాటు చచ్చి మెత్తటి పొడి అవుతుంది. దాన్నే మేం సాలెరేటస్ అనేవాళ్లం. ఇప్పుడు మీరు వాడుతున్న వంటసోడాకి అది పెద్దక్క అనుకోండి.

మరి ఆ గాలి ఎక్కడ దొరుకుతుంది? ఆ ఒక్క ముక్క మాత్రం హోసియా పెదవి దాటనిచ్చేవాడు కాదు. మేం గుచ్చి గుచ్చి అడిగితే, సమాధి రాళ్లు చెక్కే ఓషే దగ్గర చలవరాతి ముక్కలుంటాయని, వాటి మీద ఆమ్లం పోస్తే బుసబుసమని గాలి వస్తుందని, ఆ గాలి ఈ ఉప్పుకు పట్టిస్తానని చెప్పాడు. చదువుకున్నవాడిలా చెప్పాడు గనక నమ్మాం.

ఆ వసంతంలో వాడి తీరు మారింది. పొద్దున బాగానే వెళ్లేవాడు. మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి ముఖం ఎర్రగా కందిపోయి ఉండేది. గడప దగ్గర తూలేవాడు. తల బద్దలవుతోందని బల్ల మీద వాలిపోయేవాడు. పంది మాంసం, బీన్స్ వేడివేడిగా పెట్టినా రెండు ముద్దలు మింగి నెట్టేసేవాడు. కోటు విప్పితే పులిసిన పిండి వాసన గుప్పుమనేది. అది సారా బట్టీ వాసన. ఒట్టు వేయకముందు ఊళ్లో అందరికీ తెలిసిన వాసనే.

లొడీమా ఆ కోటును ముక్కు దగ్గర పెట్టుకుని, కిటికీ పక్కన అలాగే నిలబడిపోయేది.

"నోరు వాసన రావట్లేదు వదినా," అంది నాతో ఒకరోజు, పొట్లాలు కడుతూ. "రాత్రి దగ్గరకెళ్లి మరీ చూశా. నోట్లో ఏం లేదు. బట్టల్లోనూ జుట్టులోనూ ఉంది."

"అయితే జుట్టుతో తాగుతున్నాడంటావా?" అన్నాను.

"నీకు నవ్వులాటగా ఉంది. మా నాన్న కూడా నోరు కడుక్కునే వచ్చేవాడు. పుదీనా నమిలి వచ్చేవాడు. మా అమ్మ పదేళ్లు నమ్మింది."

వాళ్ల నాన్న సంగతి నాకు తెలుసు. తాగి మంచులో పడుకుని పోయాడాయన. చిన్నప్పుడు లొడీమానే గట్టు చివరి సారా బట్టీ గుమ్మం దాకా పంపేవారట, తండ్రిని పిలుచుకు రమ్మని. పెళ్లికి ముందే హోసియాతో తెగేసి చెప్పింది. తాగి పడిపోయి ఉండగా నా కంట పడ్డావా, ఆ రోజే ఒహాయోలో ఉన్న మా అన్న దగ్గరికి వెళ్లిపోతా, తిరిగి రాను అని. వాడు నవ్వి ఒప్పుకున్నాడు. ఇప్పుడు మంచం కింద ఉన్న పెట్టె బయటికి వచ్చింది. ఆమె గౌన్లు ఒక్కొక్కటే అందులోకి చేరుతున్నాయి. పైగా తనకు నాలుగో నెల.

తమ్ముడి మీద నాకు నమ్మకం లేక కాదు. అయినా కాళ్లు ఆగక ఓషే దగ్గరికి వెళ్లాను. ఆయన ఎవరిదో సమాధి రాయి మీద దేవదూత రెక్కలు చెక్కుతున్నాడు.

"మా హోసియా ఇక్కడికి వస్తున్నాడటగా, చలవరాతి ముక్కల కోసం?"

"మీ హోసియానా? కిందటేడు ఒక బస్తా పట్టుకెళ్లాడమ్మా. మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఆమ్లం ఖరీదు భరించలేనన్నాడు. ఎందుకు, ఏమైంది?"

ఏమీ కాలేదని చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా ఒళ్లు మండిపోతూనే ఉంది. వాడు తాగినా తాగకపోయినా అబద్ధం మాత్రం ఆడాడు. అక్కడితో నా ముక్కు కూడా లొడీమా ముక్కులాగే తయారైంది.

అప్పటికే ఊరు చెవులు కొరుక్కోవడం మొదలైంది. చర్చిలో మాకో పద్ధతి ఉండేది. సంఘంలో ఎవరైనా తప్పు చేశాడని తెలిస్తే ముందు ఒక్కరు వెళ్లి అడగాలి. వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘం ముందు నిలబెట్టి వెలేయాలి. ఒక్కడి మాట మీద ఎవరినీ వెలేయకూడదు. రెండో సాక్షి ఉండి తీరాలి. సాక్షులంటే మగవాళ్లే, మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డీకన్ బిడ్‌వెల్ గారు సంఘం పెద్దల్లో ఒకరు, ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకుని పూజించే మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి ఇంటి ముందో ఆగి ఏదో వింటున్నట్టు ఉండేవారు. ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చి హోసియాను అడిగి వెళ్లారు. వాడు, "నేను చుక్క ముట్టలేదండీ," అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నావంటే మాత్రం నోరు మెదపలేదు. డీకన్ గారు లేచి టోపీ పెట్టుకుని, మా వంటింట్లో అలమర వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే ఒక పొద్దున లొడీమా నాకంటే ముందే శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడింది.

"నేను ఆయన వెనకాల వెళ్తున్నా. వస్తావా, రావా?"

"వస్తా. నువ్వొక్కదానివే వెళ్లి ఏం చూస్తావో, ఏం ఊహించుకుంటావో, నాకు భయం."

కాలువ గట్టు వెంట నడిచాం. హోసియా ముందు భుజాన గంపతో పోతున్నాడు. ఓషే షెడ్డు దాటిపోయాడు. కొట్టం కూడా దాటాడు. గట్టు చివర వాన్ స్లైక్ సారా బట్టీ వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. ఊళ్లో ఒట్టు వేయనివాడు ఆ డచ్చి వాన్ స్లైక్ ఒక్కడే. ఆయన్ని పలకరించేవాళ్లు కూడా లేరు.

లొడీమా దారి మధ్యలో ఆగిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

"ఇంటికి పోదాం పద," అన్నాను.

"కళ్లతో చూడాలి."

చాలాసేపు గట్టు మీదే కూర్చుంది. వాడు బయటికి రాలేదు. ఆఖరికి లేచి నడిచింది, నేనూ వెనకే వెళ్లాను. తలుపు దగ్గరికి చేరేసరికి అటువైపు నుంచి డీకన్ గారు వచ్చారు. ఆయన కూడా ఎక్కడో చాటున నిలబడి కాపు కాస్తున్నారన్నమాట. మమ్మల్ని చూసి ఏమాత్రం సిగ్గుపడలేదు సరికదా, టోపీ తీసి మరీ నమస్కారం పెట్టారు.

లోపల చీకటిగా ఉంది. డీకన్ గారు మేకుకు వేలాడుతున్న లాంతరు అందుకుని వెలిగించారు. నేల కంటే నాలుగు మెట్లు కిందికి దించి ఒక గది కట్టారు. దాని నిండా పెద్ద పెద్ద చెక్క తొట్లు. వాటిల్లో మొక్కజొన్న, గోధుమలాంటి రై గింజల పిండి పులుస్తూ బుడగలు కక్కుతోంది. తొట్ల మీద తడికెలు పరిచి ఉన్నాయి, తడికెల మీద తెల్లటి గడ్డలు. మెట్ల కింద నేల మీద హోసియా బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి తలకింద, ఇంకో చెయ్యి గంప మీద. ముఖం మావైపే తిరిగి ఉంది, ఎర్రగా, నోరు తెరుచుకుని.

లొడీమా గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. "అచ్చం అలాగే," అంది. "అచ్చం మా నాన్న."

నేను మెట్టు మీద కాలు పెట్టబోయాను. డీకన్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి మిసెస్ గేజ్. ఎవరూ ముట్టుకోవద్దు."

"వాడు నా తమ్ముడండీ!"

"అందుకే ముట్టుకోవద్దంటున్నా. నేను చూశాను, నేను ఒక్కణ్ణి. రేపు లేచి కూర్చుని, కాలు జారి పడ్డానంటే ఎవరు కాదంటారు? సంఘంలోని హాల్సీనీ, స్ట్రాంగ్‌నీ పిలుచుకొస్తా. రెండో సాక్షి వచ్చేదాకా మనిషి ఎలా ఉన్నాడో అలాగే ఉండాలి. సారా జాడీ ఎక్కడుందో వాళ్లే చూస్తారు."

"వచ్చేలోపు వాడికేమైనా అయితే?"

"తాగినవాడు పడుకుంటాడు, లేస్తాడు. ఏమీ కాదు." లాంతరు నా చేతిలో పెట్టి, ఎంతో జాలిపడుతున్నట్టు తల ఊపి, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోయారు. చెడ్డవాడని అనను. తన నమ్మకంలో ఆయన చేసింది న్యాయమే. కానీ ఆ న్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"లొడీమా, పట్టు, పైకి లాగుదాం."

తను కదల్లేదు. శాలువా సర్దుకుంది. "ఇంక చూడాల్సింది లేదు వదినా. నేను చెప్పాను ఆయనకి. పెళ్లికి ముందే చెప్పాను." అని వెనక్కి తిరిగి తలుపు దాటి వెళ్లిపోయింది. గట్టు మీద అడుగుల చప్పుడు వినిపించి, తర్వాత అదీ ఆగింది.

నాకూ అనుమానమే అప్పటికి. ఎందుకు దాచాలి? ఓషే పేరు చెప్పి అబద్ధం ఎందుకాడాలి? కోపంతోనే లాంతరు పట్టుకుని మెట్లు దిగాను, నాలుగు తిట్టి లేపుదామని. రెండో మెట్టు మీద లాంతరు మంట నీరసించింది. మూడో మెట్టు మీద గాలి లేకుండానే ఆరిపోయింది.

బావిలోకి దిగేముందు ఆల్ఫియస్ తాడు కట్టి దీపం దింపేవాడు. దీపం ఆరిపోతే దిగకూడదు. అడుగున కంటికి కనపడని గాలి నిలిచి ఉంటుంది, నీళ్లలా, మనిషిని ముంచేస్తుంది. ఒక్కరోజు దీపం దింపడానికి బద్ధకించాడు. పైకి తీసినప్పుడు ఆయన ముఖమూ ఇలాగే ఎర్రగా ఉంది. అందరూ నిద్రపోతున్నాడనే అనుకున్నారు.

అరిచాను. ఏం అరిచానో నాకే తెలీదు. వాన్ స్లైక్ పరిగెత్తుకొచ్చాడు, పిండి అంటిన చేతులతో.

"మోకు! మోకు తేండి! వాడు తాగలేదు, మునిగిపోయాడు!" అన్నాను.

ఆయనకు ఒక్క మాటకే అర్థమైంది. తొట్ల మూతలు ఎత్తే మోకు తెచ్చి విసిరాడు. నేను ఊపిరి బిగబట్టి దిగి, తమ్ముడి చంకల కింద మోకు చుట్టి, మెట్లెక్కి మళ్లీ ఊపిరి పీల్చుకున్నాను. ఇద్దరం లాగాం. ఊళ్లో ఎవరూ పలకరించని ఆ మనిషి ఏడుస్తూ లాగాడు. హోసియా తల ప్రతి మెట్టుకీ తగిలింది. తగిలితే తగలనీ అనుకున్నాను. గట్టు మీద గడ్డిలో పడేసి వీపు మీద చరిచాం, ముఖాన కాలువ నీళ్లు కొట్టాం. ఎంతసేపటికో దగ్గాడు. ఆ దగ్గు విన్నాక నాకు ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చారు డీకన్ గారు, ఇద్దరు సాక్షుల్ని వెంటేసుకుని.

"ఎవరు కదిపారు?" అన్నారు, మొట్టమొదటి మాటగా. "సాక్ష్యం చెడగొట్టారు. జాడీ దాచేశారా?"

"దాచలేదండీ. కింద గదిలోనే ఉంది," అన్నాను. "మీరే దిగి తెచ్చుకోండి. ఇదిగో లాంతరు."

"అక్కా, వద్దు," అన్నాడు హోసియా గడ్డిలోంచి, గొంతు పెగలక.

"నువ్వు నోరుమూసుకో. నీ సంగతి తర్వాత."

లాంతరు మళ్లీ వెలిగించి ఇచ్చాను. ఆయన దిగారు. మంట ఆరిపోయింది. పైకొచ్చి వెలిగించుకుని మళ్లీ దిగారు. మళ్లీ ఆరింది. ఈసారి ఒక కాలు కింద పెట్టి, గట్టిగా ఒక ఊపిరి పీల్చి, గోడ పట్టుకుని తూలుతూ పైకొచ్చారు. ముఖం ఎర్రగా కందిపోయింది. హాల్సీ ఆయన్ని పట్టుకున్నాడు. స్ట్రాంగ్ వంగి ఆయన కోటు వాసన చూసి, చప్పున తల పక్కకు తిప్పుకున్నాడు. రెండో సాక్షికి, మూడో సాక్షికి కావలసినంత దొరికింది.

ఆదివారం సంఘంలో హోసియా మీద అభియోగం రుజువు కాలేదన్నారు. తాగలేదని మాత్రం ఎవరూ అనలేదు.

ఇంట్లో అసలు సంగతి బయటపడింది. చలవరాయి మీద పోసే ఆమ్లం ఖరీదెక్కువ. పులుస్తున్న పిండి మీద తేలే గాలి మాత్రం వాన్ స్లైక్ ఊరికే వదిలేస్తున్నాడు. తడికెల మీద ఉప్పు ఆరబెడితే ఆ గాలి దానికదే పట్టుకుంటుంది. రోజూ వాణ్ణి తూలించిందీ, ఆ రోజు ముంచిందీ ఆ గాలే. మామగారు పోయింది సారా వల్లే గనక పెళ్లానికి బట్టీ పేరు చెప్పలేక చలవరాయి పేరు చెప్పాడు. ఆ రోజు గాలి బయటికి పోకుండా కిటికీలు కూడా బిగించేశాడు, పొడి తొందరగా తయారవుతుందని.

మంచం మీద దిండుకు ఆనుకుని మొక్కజొన్న జావ తాగుతూ హోసియా నన్ను అడిగాడు. లొడీమా పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. పెట్టె ఇంకా తలుపు పక్కనే ఉంది.

"అక్కా, నేను పడి ఉన్నప్పుడు ఎవరెవరు ఉన్నారు? వాన్ స్లైక్ ఏదీ సరిగా చెప్పట్లేదు. లొడీమా వచ్చిందా?"

వాడి కళ్లలో అప్పటిదాకా నేనెరగని చూపు ఉంది. ఇన్నాళ్లూ వాడి వెంట పడిన అనుమానం ఇప్పుడు వాడి కళ్లలోకే వచ్చి కూర్చుంది. నాకు భయమేసింది.

"రాకపోవడమేంటి? తప్పిపోయిన దూడని వెతికినట్టు ఇద్దరం నిన్ను వెతుక్కుంటూ వచ్చాం," అన్నాను. "కుడి చెయ్యి నేను పట్టా, ఎడమ చెయ్యి అది పట్టింది. కడుపుతో ఉన్న మనిషి, బలమెక్కడిది? అందుకే నీ తలకి అన్ని బొప్పులు."

పొయ్యి దగ్గర గరిటె ఆగింది.

"అబద్ధం," అంది లొడీమా, తిరక్కుండానే. "మీ అక్క అబద్ధం చెప్తోంది. నేను పట్టలేదు. నిన్ను చూశాను, తాగావనుకున్నాను, వదిలేసి వెళ్లిపోయాను. మన ఇంటి మలుపు దాకా వెళ్లిపోయాను. అరుపులు వినపడ్డాయి. అప్పుడు కూడా వెంటనే తిరగలేదు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హోసియా జావ గిన్నె పక్కన పెట్టాడు. దుప్పటి అంచు మడతపెట్టాడు.

"నీ పెట్టె ఎప్పుడు సర్దావు?" అన్నాడు.

"కోటు వాసన వచ్చిన రోజు."

"అంటే నెల నుంచి నన్ను కనిపెట్టి చూస్తున్నావు."

"ఊపిరి కూడా లెక్కపెట్టా."

"నేను చస్తుంటే నువ్వు చూసి పోయావు. నేను నీకు నిజం చెప్పకుండా ఆ గదిలోకి దిగాను. ఎవరి తప్పు పెద్దదో నాకు తెలీడం లేదు. ఈ పని వదలను లొడీమా. వదిలితే తిండి లేదు. కానీ ఒంటరిగా దిగను. ఈ ఊళ్లో నీ అంతగా నన్ను కనిపెట్టి చూసే మనిషి ఇంకెవరూ లేరు. వస్తావా? మెట్ల పైన నిలబడు. నేను పడితే ఎవర్నీ పిలవడానికి వెళ్లొద్దు. నువ్వే లాగు."

"ఆ గుమ్మంలోకా?" అంది లొడీమా.

వాడు మళ్లీ అడగలేదు. ఆ సాయంత్రమంతా తను పొయ్యి దగ్గరే ఉంది. నేను పొట్లాలు కట్టుకుంటూ కూర్చున్నాను. నా నోరు అప్పటికే చెయ్యాల్సినంత చేసింది.

సోమవారం పొద్దున ఇద్దరూ కలిసి బయల్దేరారు. వీధి మధ్యలోంచే నడిచారు, అందరి కిటికీల ముందు నుంచీ. నేను గంప మోసుకుంటూ వెనకాల వెళ్లాను. గట్టు మీద డీకన్ గారి భార్య ఎదురైంది. హోసియా ముందుకెళ్లి బట్టీ తలుపు తీశాడు. ఆవిడ లొడీమా కడుపు వైపు, తర్వాత ఆ తలుపు వైపు చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

"ఏమ్మా లొడీమా, మీ నాన్న తాగి చెడిన చోట నీకేం పని?"

లొడీమా ఆగింది. శాలువా బిగించుకుంది.

"మా ఆయన్ని అనుమానించే పనండీ," అంది. "ఇంట్లో కూర్చుని చేస్తే మనిషి చచ్చిపోయేలా ఉన్నాడు."

లోపలికి వెళ్లి మెట్ల మీద నిలబడింది. ఆ రోజు నుంచి ఊరు మా మరదలు కూడా తాగుతోందనే చెప్పుకుంది. బిడ్డ పుట్టే వారం దాకా తను ఆ గుమ్మంలో నిలబడటం మానలేదు.